వెలిగి ఆరే ఇంజన్ లైటు: అఫ్జల్‌గంజ్ వెళ్లే ముందు

వాన కురిసిన మర్నాడు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిన స్పోర్ట్స్ కారులో, మీటర్ల మధ్య ఇంజన్ బొమ్మతో పసుపు లైటు వెలుగుతుంది. ఇంజన్ చప్పుడు మారదు, పికప్ తగ్గదు. రెండు మూడు రోజులు ఊళ్లో తిప్పేసరికి లైటు తనంతట తానే ఆరిపోతుంది. ఓనరు హమ్మయ్య అనుకుంటాడు. ఇంకో వారానికి మళ్లీ వెలుగుతుంది. గ్యారేజీకి తీసుకెళ్లే రోజుకి సరిగ్గా ఆరి ఉంటుంది. ‘లైటు ఉన్నప్పుడు తీసుకురండి సార్’ అని పంపించేస్తారు. లేదా ఏదో ఒక సెన్సర్ పేరు చెప్పి మార్చేస్తారు. ఆ సెన్సర్ కోసమో, అంతకంటే చవగ్గా దొరుకుతుందనో, ఓనరు హైదరాబాద్‌లో స్పేర్ పార్ట్స్ దుకాణాలుండే అఫ్జల్‌గంజ్ దారి పడతాడు.

అఫ్జల్‌గంజ్ వెళ్లడం తప్పేమీ కాదు. కాకపోతే అక్కడికి వెళ్లేలోపు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి తెలిస్తే కొనాల్సిన వస్తువే మారిపోవచ్చు.

ముందుగా, లైటు ఆరిందంటే లోపం పోయిందని అర్థం కాదు. ఇంజన్ను నడిపే కంప్యూటర్‌కి, అంటే మెకానిక్కులు ఈసీఎం అనేదానికి, లైటు వెలిగించడానికీ ఆర్పడానికీ రాసి పెట్టిన నియమాలు ఉంటాయి. చాలా లోపాల విషయంలో ఒకసారి తేడా కనబడగానే లైటు వేయదు. దాన్ని అనుమానంగా రాసిపెట్టుకుంటుంది. తర్వాతి ప్రయాణంలో కూడా అదే తేడా కనబడితే అప్పుడు లైటు వేస్తుంది. ఆ తర్వాత వరుసగా మూడు ప్రయాణాల్లో అదే పరీక్ష జరిగి, మూడుసార్లూ అంతా బాగుందని తేలితే లైటు ఆర్పేస్తుంది. కానీ లోపం తాలూకు కోడ్‌ని మాత్రం వెంటనే చెరిపేయదు. ఇంజన్ చల్లారి మళ్లీ వేడెక్కడాన్ని ఒక లెక్కగా తీసుకుంటే, ఆ లోపం మళ్లీ కనబడకుండా అలాంటివి 40 పూర్తయ్యేదాకా కోడ్ జ్ఞాపకంలోనే ఉంటుంది. కాబట్టి లైటు ఆరిపోయాక కూడా స్కానర్ పెడితే చూడటానికి చాలా ఉంటుంది. ‘వచ్చినప్పుడు తీసుకురండి’ అనే గ్యారేజీకి ఈ మాట మర్యాదగా చెప్పి స్కానర్ పెట్టించండి.

ఈ లైటు పుట్టింది ఇంజన్ క్షేమం కోసం కాదు, గాలి క్షేమం కోసం. కార్ల పొగతో సతమతమైన అమెరికాలోని కాలిఫోర్నియా దీనికి దారి చూపింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ ఇలాంటి లోపాలను కారే కనిపెట్టి చెప్పే ఓబీడీ-2 అనే పద్ధతి తప్పనిసరైంది. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో బీఎస్‌4 అనే పొగ నిబంధనలతో పాటు దీని తొలి రూపం వచ్చింది. ఆ నిబంధనలు మొదట అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 2013 ఏప్రిల్ నుంచి పూర్తి స్థాయి ఓబీడీ-2 వచ్చింది. 2020 నాటి బీఎస్‌6 తర్వాత మోటార్ సైకిళ్ల మీదా ఇదే బొమ్మ కనబడుతోంది. పొగలో విషవాయువులు హద్దు దాటేలా చేసే లోపం ఏదైనా సరే ఈ లైటును వెలిగిస్తుంది. ఎర్రగా వెలిగే ఆయిల్ ప్రెషర్ లైటు, టెంపరేచర్ లైటు వేరే జాతి. ఆయిల్ లైటు వెలిగితే ఆలోచించకుండా పక్కకు ఆపి ఇంజన్ కట్టేయాలి. పసుపు లైటు అలా కాదు. నిలకడగా వెలుగుతూ, కారు మామూలుగానే నడుస్తుంటే, గ్యారేజీ దాకా నిదానంగా వెళ్లొచ్చు.

ఒక్క మినహాయింపు ఉంది, దాన్ని ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచాలి. పసుపు లైటు టపటపా మిణుకుతూ ఉంటే ఇంజన్ గట్టిగా మిస్ కొడుతోందని అర్థం. సిలిండర్‌లో మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోతుంది. ఒక కాయిల్‌తో పోయే ఖర్చు కన్వర్టర్ దాకా పాకుతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయాలి. మిణుకు ఆగకపోతే కారు ఆపి టో బండి పిలిపించుకోవాలి. స్పోర్ట్స్ కార్లలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, ఎందుకంటే వాటి కన్వర్టర్లు ఇంజన్‌కి అతి దగ్గరగా, ముందే మండిపోయే వేడిలో ఉంటాయి.

ఇక అసలు చిక్కుముడి. లైటు వచ్చిపోతోందంటే రెండు వేర్వేరు సంగతులు జరుగుతూ ఉండవచ్చు. లోపమే వచ్చిపోతూ ఉండవచ్చు. లేదా లోపం ఎప్పుడూ ఉంటూ, దాన్ని కనిపెట్టే పరీక్ష అప్పుడప్పుడు మాత్రమే జరుగుతూ ఉండవచ్చు. మెకానిక్కుకీ ఓనరుకీ మధ్య జరిగే సగం గొడవలకు కారణం ఈ తేడా ఎవరూ పట్టించుకోకపోవడమే.

రెండోది ముందు చూద్దాం. కన్వర్టర్ బాగా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఈసీఎం దాని ముందూ వెనకా ఉన్న ఆక్సిజన్ సెన్సర్ల లెక్కలు పోల్చి చూస్తుంది. ఆ పోలిక సరిగ్గా రావాలంటే ఇంజన్ బాగా వేడెక్కి, కారు కొంతసేపు ఒకే వేగంలో పోవాలి. మొజంజాహీ మార్కెట్ నుంచి నయాపూల్ దాకా సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ పోయే కారుకి ఆ అవకాశం దొరకదు. ఔటర్ ఎక్కితే దొరుకుతుంది. ఇప్పుడు ఒక గ్యారేజీలో కోడ్ చెరిపేశారనుకోండి. నెల రోజులు ఊళ్లో తిప్పినా లైటు రాదు. బాగైపోయిందని అందరూ అనుకుంటారు. ఔటర్ మీద రెండు ఆదివారాలు తిరిగాక లైటు మళ్లీ వస్తుంది. నెల రోజులూ అక్కడ లోపం లేక కాదు, అడిగేవాళ్లు లేక. కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే పి0420 అనే కోడ్‌తో హైదరాబాద్‌లో తిరిగే కార్ల కథ చాలావరకు ఇదే. చప్పుడు కోసం కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు వేయించుకున్న కార్లలో ఇది రాక తప్పదు. వెనక సెన్సర్‌ని మభ్యపెట్టే చిన్న అడాప్టర్లు అమ్ముతారు. నా మాట వింటే వాటి జోలికి వెళ్లొద్దు. అది చట్టానికి విరుద్ధం. పైగా రేపు ఇంజన్‌లో నిజంగా ఏదైనా తేడా వస్తే దాన్ని చెప్పాల్సిన సాక్షి నోరు మీరే కట్టేసినట్టవుతుంది.

మొదటి రకం, అంటే లోపమే వచ్చిపోయేది, ఇంకా ఓపిక అడుగుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టక ముందు నుంచీ వైద్యులు ఆ జ్వరాన్ని దాని వేళలను బట్టే గుర్తుపట్టేవారు. ఏ పూట వచ్చింది, ఎన్నాళ్లకు తిరగబెట్టింది అన్నదే వాళ్లకు మొదటి ఆధారం. వచ్చిపోయే లైటుకీ అలాంటి వేళల పట్టీ ఒకటి కావాలి. గ్లవ్ బాక్సులో చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, లైటు వెలిగినప్పుడల్లా రాయండి: ఇంజన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, వాన పడిందా, కారు కడిగించారా, పెట్రోలు ట్యాంకులో ఎంత ఉంది, ఏ బంకులో పోయించారు, స్పీడ్ బ్రేకర్ దూకాక వచ్చిందా, ఎక్కువ రోజులు నిలబెట్టి తీశాక వచ్చిందా. కొన్ని వారాల తర్వాత ఆ పేజీలు చూస్తే కారణం దానంతట అదే బయటపడుతుంది.

వాన తర్వాతే వస్తుంటే ఇగ్నిషన్ కాయిళ్లను, ప్లగ్గుల గుంతల్లో చేరిన తడిని అనుమానించాలి. కాయిల్ మీద వెంట్రుకంత పగులు పొడిగా ఉన్నప్పుడు ఏమీ చేయదు. తడి తగిలితే నిప్పురవ్వ దారి తప్పి పక్కనున్న లోహంలోకి దిగిపోతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక, ఆపి పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు మొండికేస్తుంటే క్రాంక్ సెన్సర్ వంక చూడాలి. ట్యాంకు అడుగంటినప్పుడు మలుపుల్లో వస్తుంటే పెట్రోలు పంపుకి అందడం లేదు. గతుకుల రోడ్డు మీద మిస్ కొట్టినట్టు కోడ్ వస్తుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇంజన్ మిస్ కొట్టిందని ఈసీఎం తెలుసుకునేది క్రాంక్ తిరిగే వేగంలో వచ్చే చిన్న చిన్న కుదుపులను బట్టి. గట్టి సస్పెన్షన్ ఉన్న స్పోర్ట్స్ కారు గుంతలో పడ్డప్పుడు ఆ కుదుపు చక్రాల నుంచి క్రాంక్ దాకా వెళ్లి లెక్క తప్పించగలదు. తేలికపాటి ఫ్లైవీల్ వేయించుకున్న కార్లలో ఇది మరీ ఎక్కువ. అలాంటప్పుడు ప్లగ్గులూ కాయిళ్లూ ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం ఉండదు.

ఇక్కడ స్కానర్ గురించి చెప్పాలి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో గుచ్చి ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిపే పరికరం కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గానే దొరుకుతుంది. ఏ యాప్‌లోనైనా కోడ్ చెరిపేసే బటన్ ఒకటి కనబడుతుంది. దాన్ని ముట్టుకోకండి. కోడ్‌తో పాటు ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ అనే ఒక పేజీ ఈసీఎంలో దాచి ఉంటుంది. లోపం కనబడ్డ ఆ క్షణంలో ఇంజన్ ఎన్ని తిప్పులు తిరుగుతోంది, కారు ఎంత వేగంలో ఉంది, నీళ్ల వేడి ఎంత, ఇంజన్ మీద బరువెంత అన్నీ అందులో రాసి ఉంటాయి. వచ్చిపోయే లోపానికి మనకున్న ఒకే ఒక్క ప్రత్యక్ష సాక్ష్యం అది. చెరిపేస్తే కోడ్‌తో పాటు అదీ పోతుంది. ముందు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ‘చెరిపేసి చూద్దాం సార్’ అనే మెకానిక్కుని ఆ ఫొటో తీసేదాకా ఆపండి.

ఆ పేజీ ఎలా చదవాలో పి0171తో చూద్దాం. ఇంజన్‌కి గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతోందని ఈ కోడ్ చెబుతుంది. సరైన పాళ్లు నిలబెట్టడానికి ఈసీఎం పెట్రోలుని కాస్త పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ సవరణను ఫ్యూయల్ ట్రిమ్ అంటారు, శాతాల్లో చూపిస్తారు. పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే ఆరోగ్యం. అది చాలా పైకి పోయి, ఇక పెంచలేనని ఈసీఎం చేతులెత్తేసినప్పుడు లైటు వెలుగుతుంది. ఇప్పుడు ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వేగం సున్నా, తిప్పులు 800, ట్రిమ్ బాగా పైన ఉన్నాయనుకోండి. కారు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు లోపం పట్టుబడింది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ తక్కువ గాలి పీల్చే ఆ వేళలో ఏ రబ్బరు పైపు పగులు నుంచో దొంగగాలి దూరితే దాని వాటా పెద్దదవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ట్రిమ్ మామూలుకి వస్తుంది. ఇది వాక్యూమ్ లీకు. అదే ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వేగం 110, తిప్పులు 4,500, ఇంజన్ మీద పూర్తి బరువు ఉంటే కథ తారుమారు. అంత దాహంలో ఉన్న ఇంజన్‌కి పెట్రోలు చాలడం లేదు. పంపు నీరసించి ఉండవచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, లేదా గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికిపట్టి తక్కువ చూపిస్తుండవచ్చు. నూనె పూసిన గుడ్డ ఫిల్టర్లు వేయించుకున్న కార్లలో ఆ నూనె సెన్సర్ తీగకు అంటుకోవడం మామూలే. దాని కోసమే అమ్మే స్ప్రే కొట్టి ఆరనిస్తే చాలు, వేలు పెట్టకూడదు. కోడ్ ఒకటే, కారణాలు రెండు వైపులా ఉన్నాయి. వాటిని విడదీసింది కోడ్ పక్కనున్న అంకెలు.

ఇ20 పెట్రోలు ప్రస్తావన కూడా ఇక్కడే రావాలి. పెట్రోలు ఒక పాలు మండడానికి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్లు చాలు. అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన ఇంధనాన్ని అంతే గాలికి ఇంకాస్త ఎక్కువ పోయాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ట్రిమ్‌ని కొద్దిగా పెంచుకుని సర్దుకుంటుంది. 2023కి ముందు తయారై, అప్పటికే చిన్న లీకుతో ట్రిమ్ అంచున ఉన్న కారు మాత్రం హద్దు దాటుతుంది. ఇథనాల్‌ని తిట్టుకుని వదిలేయకుండా లీకు వెతకాలి. వెతికితే దొరుకుతుంది.

ఇంకో ముక్క. విదేశీ సలహాలన్నిటిలోనూ ‘ముందు పెట్రోలు ట్యాంకు మూత బిగించండి’ అని ఉంటుంది. అమెరికా నిబంధనల్లో ట్యాంకు నుంచి ఆవిరి లీకవుతోందేమో చూసే పరీక్ష తప్పనిసరి. యూరప్ బాటలో నడిచే మన కార్లలో చాలావాటికి ఆ పరీక్ష లేదు. మూత బిగించడం మంచి అలవాటే, కానీ లైటు ఆరడానికి దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు అఫ్జల్‌గంజ్. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యం వర్తకుల కోసం ఇచ్చిన ఈ చోటు ఆయన పేరునే మోస్తోంది. ఉస్మానియా ఆస్పత్రి ఎదుట నుంచి గౌలిగూడ, పుత్లీబౌలి వైపు నడిస్తే స్పేర్ పార్ట్స్ దుకాణాలు వస్తాయి. టూవీలర్, కారు, లారీ, దేనికి కావాల్సినవి దానికి విడివిడిగా అమ్ముతారు. కౌంటర్ దగ్గర నిలబడి ‘అన్నా, ఆక్సిజన్ సెన్సర్ కావాలి’ అంటే ‘ఏ బండి?’ అని అడుగుతారు. పోర్షే అనో మస్టాంగ్ అనో అంటే తల అడ్డంగా ఊపుతారు. లేదా ‘చూస్తాం, రేపు రండి’ అంటారు.

నిజానికి ఆ సెన్సర్ దొరక్కపోవడం చాలాసార్లు ఓనరు అదృష్టం. కోడ్‌లో సెన్సర్ పేరు ఉన్నంత మాత్రాన సెన్సర్ చెడిందని కాదు. ఆ తీగ మీద వచ్చిన వోల్టేజీ ఈసీఎంకి నమ్మశక్యంగా లేదని మాత్రమే దాని అర్థం. పూర్తిగా చచ్చిన సెన్సర్ సాధారణంగా లైటుని నిలకడగా వెలిగిస్తుంది. వచ్చిపోయే లోపం ఎక్కువసార్లు తీగలో, కప్లర్‌లో, ఎర్త్‌లో, పైపు క్లాంపులో ఉంటుంది. ఆ సరుకు చాలావరకు ఏ దేశపు కారుకైనా ఒకటే. అది ఈ బజారులో పుష్కలంగా దొరుకుతుంది: కప్లర్ల లోపలి పిన్నులు, వైరింగ్ మీద తొడిగే ముడతల గొట్టం, రాగి ఎర్త్ పట్టీలు, ఫ్యూజులు, రిలేలు, స్క్రూ క్లాంపులు, వేడి తట్టుకునే వాక్యూమ్ రబ్బరు గొట్టం, కాంటాక్ట్ క్లీనర్ డబ్బా. అందుకే ఇక్కడికి సెన్సర్ కోసం వెళ్లకండి, వీటి కోసం వెళ్లండి. ప్లగ్గులు కొనాల్సి వస్తే మాత్రం పాత ప్లగ్గు చేతిలో పట్టుకెళ్లి నంబరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. డూప్లికేట్ ప్లగ్గులు దేశమంతా తిరుగుతున్నాయి. బిల్లు ఇవ్వని చోట ప్లగ్గు కొనకండి.

ఆ వస్తువులు ఎక్కడ వాడాలో తెలుసుకునే పరీక్షకు ఖర్చు లేదు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఒకరు ఫోన్‌లో ఆ సెన్సర్ అంకెలు చూస్తూ కూర్చోవాలి. ఇంకొకరు దాని కప్లర్‌నీ, అక్కడి నుంచి వెనక్కి వెళ్లే తీగల కట్టనీ నెమ్మదిగా కదుపుతూ పోవాలి. ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా ఉండాలి. ఏదో ఒకచోట అంకె ఎగిరిపడుతుంది. లోపం అక్కడే. కప్లర్ విప్పి చూస్తే ఆకుపచ్చ చిలుమో, సాగిపోయిన పిన్నో, లోపలికి జారిన నూనో కనబడుతుంది. ఎర్త్ చూడటానికి మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కీ, ఇంకో కొస ఇంజన్ లోహానికీ పెట్టి లైట్లు, ఏసీ వేయాలి. మీటర్ 0.1 వోల్ట్‌కి అటూ ఇటూగా చూపిస్తే బాగున్నట్టు. అర వోల్ట్ చూపిస్తే పట్టీ తుప్పు పట్టింది. అలాంటి ఒక్క పట్టీ ఒకదానికొకటి సంబంధం లేని ఐదారు కోడ్‌లు ఒకేసారి తెప్పించగలదు.

కోడ్‌లు గుంపుగా వస్తే బ్యాటరీని కూడా మరవకూడదు. వారానికొకసారి తీసే స్పోర్ట్స్ కారులో బ్యాటరీ నెమ్మదిగా దిగిపోతుంది. నిండిన బ్యాటరీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. స్టార్ట్ చేసేటప్పుడు అది 9 దగ్గరికి పడిపోతే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక అడ్డదిడ్డంగా ఫిర్యాదులు రాస్తాయి. అలా నిలబెట్టిన కార్లకు ఇంకో శత్రువు ఎలుక. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో వెచ్చగా ఉన్న ఇంజన్ మీద కాపురం పెట్టి తీగల తొడుగు కొరికేస్తుంది. తొడుగు పోయిన తీగ పొడిగా ఉన్నంతకాలం పనిచేస్తుంది, తేమ తగిలితే మొరాయిస్తుంది. టార్చి పట్టుకుని ఇన్‌టేక్ వెనకాల, ఇంజన్ కవర్ కింద చూస్తే పెంటికలూ గడ్డిపోచలూ కనబడతాయి. అలాంటి తీగను టేపు చుట్టి వదిలేయకూడదు. కోసి, సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగించాలి.

టర్బో ఉన్న కార్లలో ఒక పైపు పరీక్ష అదనం. టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు పైపు క్లాంపు కొద్దిగా వదులైనా ఊళ్లో తెలియదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఒత్తిడి పెరిగినప్పుడే గాలి తన్నుకుని బయటికి పోతుంది. లైటు వెలిగి కారు పికప్ తగ్గించుకుని నీరసంగా నడుస్తుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోతుంది. గ్యారేజీలో పొగ యంత్రం పెట్టించి ఆ దారంతా పొగ నింపితే ఎక్కడ నుంచి బయటికి వస్తోందో కళ్లకే కనబడుతుంది. పొగ యంత్రం ఉన్న గ్యారేజీని వెతికి వెళ్లడం, లేని చోట మూడు సెన్సర్లు మార్పించుకోవడం కంటే ఎంతో నయం.

రిపేరు అయ్యాక కోడ్ చెరిపించవచ్చు. అప్పుడు ఈసీఎం తన పరీక్షలన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఏ పరీక్ష పూర్తయింది, ఏది మిగిలింది అన్నది యాప్‌లో ‘రెడీనెస్’ అనే చోట కనబడుతుంది. లైటు లేదని చూసి సంతోషపడకుండా, మీ కోడ్‌కి సంబంధించిన పరీక్ష పూర్తయిందో లేదో అక్కడ చూడండి. మీరు దాచుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీసి, అందులో ఉన్నట్టే, అదే వేడి, అదే వేగం, అదే బరువు వచ్చేలా ఔటర్ మీద వేగ పరిమితికి లోబడి ఒక చుట్టు నడపండి. రెండు మూడు అలాంటి ప్రయాణాల తర్వాత అనుమానపు కోడ్‌ల జాబితా కూడా ఖాళీగా ఉంటే మెకానిక్కుకి మిగిలిన డబ్బు ఇచ్చేయవచ్చు. బిల్లులో ఏ భాగం మార్చారో మాత్రమే కాకుండా ఏ కోడ్‌కి మార్చారో, ఏ తీగ ఎక్కడ అతికించారో కూడా రాయించుకోండి. రేపు లైటు మళ్లీ వెలిగితే, లేదా కారు చేతులు మారితే, తర్వాత చూసే మెకానిక్కు అక్కడి నుంచి మొదలుపెట్టగలుగుతాడు.